బావ చేసిన ఊయల

రేవులో దిగే చెక్క సామాను తనిఖీ చేసే ఆయన్ని ఇంట్లోవాళ్లు పురుగుల డాక్టరు అంటారు. ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీని వేలితో తట్టి, చెవి ఆనించి, ఆ తరవాతే కూర్చుంటాడు. మనుషుల క్షేమం అడగడం ఆపైన. "ఈయన నన్ను చూసి కాదు, మా పుట్టింటి బీరువాను చూసి చేసుకున్నాడు" అని భార్య అందరికీ చెబుతుంది.

బెరడున్న చెక్క దేశంలోకి రాకూడదు. దాని కింద పురుగు గుడ్లు పెడుతుంది. ఒక్కటి బయటపడినా ఊళ్లో తోటలకు మూడినట్టే. ఈ మాట చెప్పగా చెప్పగా ఇంట్లో గోడలకు కూడా కంఠతా వచ్చింది. తలకెక్కనిది ఒక్క బావకే.

పరాయి దేశంలో ఉండే ఆ బావ, అక్క మొగుడు, ఈయన మనవరాలి కోసం స్వయంగా ఊయల చేసి ఓడలో పంపాడు. అందానికని తలవైపు పట్టీకి బెరడు అలాగే ఉంచాడు. సొంతవాళ్ల సామాను తాను చూడకూడదు కనక ఆఫీసులో తోటి ఉద్యోగిని ఒకావిడ దాన్ని చూసింది. బెరడు చెక్కించి, పురుగేమీ లేదు, తీసుకెళ్లండి అంది.

అలవాటు ఊరుకుంటుందా? ఆఫీసు గుమ్మం దాటేలోగా తట్టాడు. చెవి ఆనించాడు. లోపల కరకర.

చుట్టూ ఎవరూ లేరు. వేడిగదిలో పెడితే పురుగు చస్తుంది, అతుకులూ ఊడతాయి. ఇదివరకు బావ పంపిన కొయ్యగుర్రాన్ని కాల్పించినందుకు ఏడాదిపాటు అక్క గొంతు వినక మొహం వాచిపోయాడు. మళ్లీ అదే గతి పడుతుందని నిజంగానే భయపడ్డాడు. అయినా ఊయల ఎత్తుకుని వెనక్కి నడిచాడు.

"దీన్ని వేడిగదికి పంపండి మేడమ్. లోపల ఉంది."

"నాకేం వినబడలేదండీ."

"నాకు వినబడింది. నా ఖర్మ."

ఊయల ముక్కలై బయటికొచ్చింది. సంగతి ఫోన్‌లో విని బావ ఒక్కటే అడిగాడు.

"నువ్వు అతికించగలవా?"

"మేకు కొడితే వేలు నలిగే రకాన్ని బావా."

"అయితే ముట్టుకోకు. మేం వస్తున్నాం."

అక్కతో సహా దిగాడు. హాలంతా పొట్టు చేసి, బావమరిదిని, వాళ్ల ఆఫీసును, పురుగు వంశాన్ని కలిపి తిడుతూ ముక్కలు బిగించాడు. అక్క మాత్రం తమ్ముడి పక్కన కూర్చుని, ఏడాది కబుర్లూ ఒక్కపూటలో చెప్పేసింది.

పురుగుల డాక్టరు కూతురు పాపను ఊయల్లో వేయడానికి తెచ్చింది.

"ఆగమ్మా," అన్నాడు బావ. వంగి, పట్టీని వేలితో తట్టి, చెవి ఆనించాడు. తరవాత తలెత్తి బావమరిదిని పిలిచాడు.

"నువ్వూ ఓసారి వినరా. నా చెవిని నేను నమ్మను."