ఎర్ర మందుకు ముందు

పాలకొల్లులో మాది స్టీలు సామాన్ల కొట్టు. మా అమ్మాయికి తొమ్మిదో ఏట బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. వైద్యానికి కాకినాడ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు, సగం తల నెరిసిన ఆవిడ, మొదటిరోజే దాచకుండా చెప్పారు.

"ఎర్ర మందొకటి ఎక్కిస్తామమ్మా. క్యాన్సర్ మీద బాగా పనిచేస్తుంది. కానీ గుండెని బలహీనపరచొచ్చు. ఇప్పుడు కాకపోయినా, పిల్ల పెద్దయ్యాక బయటపడొచ్చు. అందుకని దానికి ముందు గుండెకి కాపలాగా ఇంకో ఇంజెక్షన్ ఇస్తాం. మధ్యమధ్యలో ఎకో, అదే గుండె స్కాన్, తీసి చూస్తాం."

మా ఆయన పిల్ల ప్రాణం గురించి అడుగుతున్నారు. నేను గుండె దగ్గరే ఆగిపోయాను. బతికించి, మెట్లెక్కలేని పిల్లను నా చేతిలో పెడతామంటే ఒప్పుకోను. నాకు రెండూ కావాలి. ఆ రోజే రెండు మందుల పేర్లూ, ఏది ముందో ఏది వెనకో, తెలుగులో రాసుకున్నాను.

మూడోసారి వెళ్లినప్పుడు కాపలా మందు ఇవ్వకుండానే ఎర్ర మందు స్టాండుకి తగిలించారు. ఇదేంటని కొత్తగా చేరిన నర్సును అడిగాను.

"స్టాకు రాలేదండి. ఒక్కసారికి ఏం కాదులెండి."

"ఏం కాదని కాగితం మీద రాసిస్తారా, సిస్టర్ గారూ?"

"అలా ఎలా రాస్తామండి?"

"అయితే మొదలుపెట్టొద్దు. డాక్టరు గారిని పిలవండి."

మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగారు. "గొడవెందుకే? రేపు మళ్లీ వీళ్ల దగ్గరికే రావాలి."

నిజమే. అయినా మంచానికీ స్టాండుకీ మధ్య నుంచి కదల్లేదు. మా అమ్మాయి దుప్పట్లోంచి గుండు తల బయటపెట్టి, "అమ్మా, నా గుండెకేమైంది?" అంది.

"ఏమీ కాలేదు. కాకుండా ఉండడానికే అరుస్తున్నాను."

డాక్టరు గారు వచ్చి చార్టు చూశారు. నన్ను కోప్పడతారనుకున్నాను. నర్సు వైపు తిరిగి, "ఆవిడ చెప్పింది కరెక్టు. ఆపండి," అన్నారు. రాజమండ్రి నుంచి మందు వచ్చేసరికి సాయంత్రమైంది. అది ఎక్కాకే ఎర్ర మందు ఎక్కింది. ఆ నర్సు వారం రోజులు నాతో మాట్లాడలేదు. పక్క మంచం తల్లి మాత్రం మర్నాడు తన మందుల చీటీ తెచ్చి, "మా పాపకి ఆ మందు ఇస్తున్నారో లేదో చూడండక్కా," అంది.

వైద్యం పూర్తయ్యాక అసలు గొడవ ఇంట్లో మొదలైంది. మా అత్తగారు పిల్లను కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు.

"గుండె నలిగిన పిల్ల. ఆటలెందుకమ్మా దానికి?"

"నలగలేదండి అత్తయ్య గారూ, నలగనివ్వలేదు. ఎకో బాగుంది, ఆడుకోవచ్చన్నారు డాక్టరు గారు."

"వాళ్లు అలాగే అంటారు."

ఎకో ఇప్పటికీ ఏడాదికోసారి తీయిస్తూనే ఉన్నాం. తెర మీద ఆ గుండె తెరుచుకుని మూసుకుంటుంటే నాకు భయమేస్తుంది. కానీ నా భయాన్ని పిల్ల కాళ్లకు కట్టను.

మా అమ్మాయి స్కూల్లో ఖోఖో జట్టుకి పేరిచ్చింది. పీఈటీ మాస్టారు సందేహిస్తే డాక్టరు గారి కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. పోటీ రోజున అత్తగారినీ ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. మా పిల్ల తొలి నిమిషంలోనే అవుటయింది. తనను తాకనే లేదని రిఫరీతో పోట్లాడింది. రెండోసారి బరిలోకి దిగి చాలాసేపు దొరకలేదు. చివరికి జట్టు ఓడిపోయింది. మోకాలు గీసుకుపోయి, రొప్పుతూ మా దగ్గరికొచ్చింది.

అత్తగారు కంగారుగా దాని ఛాతీ మీద చెయ్యి వేశారు. "ఇంత గట్టిగా కొట్టుకుంటోందేంటే?"

"పరిగెత్తాను కదా నానమ్మా," అంది విసుగ్గా, నా చేతిలోంచి నీళ్ల సీసా లాక్కుంటూ.