కనకమ్మ చిన్నమ్మ, ఆమె పాత ట్రాక్టర్

వరంగల్ మట్టెవాడలో నేను అద్దెకుంటున్న గది కింద మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. కాలిపోయిన మోటారును విప్పిన రోజు దాని వాసన మెట్ల మీదుగా పైకి వచ్చి నా పుస్తకాల దాకా, తలగడ దాకా చేరుతుంది. రాగి తీగ మీది పూత మాడిన వాసన అది. కొంచెం తియ్యగా ఉంటుంది, తర్వాత గొంతులో గరగరలాడుతుంది. కిటికీ మూసుకోమని ఇంటావిడ కేకేస్తుంది. నేను మూయను. మంచం అంచున కూర్చుని, ఆ వాసన పోయేదాకా కనకమ్మ చిన్నమ్మ గురించి ఆలోచిస్తాను.

ఆమె నాకు చుట్టం కాదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మొరం బాట పట్టి పోతే వచ్చే మా ఊళ్లో, మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది. పిల్లలు లేరు. భర్త ఎవరో వాడి వదిలేసిన పాత ట్రాక్టర్ ఒకటి కొనుక్కొచ్చి, దాన్ని బాగుచేసుకుంటూ భూమి దున్నేవాడు. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు పక్కన ఈమె ఉండాల్సిందే. ఆయన జ్వరంతో పోయాక మరిది మల్లయ్య భూమి అడిగాడు. పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు: సొంతంగా దున్నుకున్నన్నాళ్లు భూమి కనకమ్మది, ఒక్క పంట బీడు పడినా మల్లయ్యది. మల్లయ్య మాట కాదని ఆమెకు కిరాయికి ఎడ్లు కట్టే మనిషి ఊళ్లో లేడని ఆ పెద్దమనుషులకు తెలుసు. మిగిలింది ఆ ట్రాక్టరే. అందుకే ఆమె కొంగు నడుముకు చుట్టి సీటెక్కింది. మా ఊరి ఆడవాళ్లు సైకిలు కూడా ఎక్కని రోజులవి.

నన్ను ఆమె మొదట పిలిచింది దసరాకు. ఆ రోజు బండికి పసుపు కుంకుమలు పెట్టాలి. భర్త పోయినామె పెట్టకూడదు. గోడ మీదుగా తల పెట్టి, "బిడ్డా, జర వచ్చి మా బండికి బొట్టు పెడ్తవా?" అని అడిగింది. ఎవరైనా పలకరిస్తే పుస్తకం వెనక మొహం దాచుకునే పిల్లను నేను. బొట్టయితే మాట్లాడకుండా పెట్టొచ్చు కదా అని వెళ్లాను. ఆ తర్వాత బడి లేని ప్రతి పొద్దూ అక్కడే గడిపాను.

చలికాలం పొద్దున ఆ ఇంజను లేపడం చిన్న పని కాదు. ముందు బ్యాటరీ మూతలు తీసి నీళ్లు చూసేది. తీగలు బిగించే చోట పట్టిన తెల్లటి ఉప్పును వేడినీళ్లతో కడిగి గ్రీజు రాసేది. డైనమోను తిప్పే బెల్టును బొటనవేలితో నొక్కి బిగువు చూసేది. "బ్యాటరీ అంటే కుండ, బిడ్డా. స్టార్టరు కడివెడు తాగుతది. ఇంజను నడిచినంతసేపు డైనమో మల్ల నింపుతాంటది. డైనమో పోతే కుండ ఎండినట్టే" అనేది. ఇంకో సంగతి కూడా చాలాసార్లు చెప్పింది. కొత్త ట్రాక్టర్లలో బ్యాటరీ మైనస్ తీగ బండి బాడీకి పోతుంది. ఈ పాతదానికి అంతా ఉల్టా, ప్లస్ తీగ బాడీకి పోవాలి. "మా ఆయన గూడ ఉల్టా మనిషే. ఏరికోరి గసొంటి బండినే తెచ్చిండు" అని నవ్వేది. తర్వాత హీటరు బొత్తం నొక్కిపట్టి, లోపల తీగ ఎర్రబడేదాకా ఆగి, స్టార్టరు లాగేది. ఇంజను రెండుసార్లు మూలిగి అందుకునేది. సీటు ముందున్న ఎర్ర దీపం ఆరితే డైనమో పని చేస్తున్నట్టు. అది ఆరేదాకా చిన్నమ్మ మాట్లాడేది కాదు.

బాట మీద మగవాళ్లు ఊరుకునేవారు కాదు. ఒకసారి ఒకాయన బీడీ పక్కకు తీసి, "కనకమ్మా, మోటరైతే నడుపుతానవ్, లైసెన్సేదే?" అన్నాడు. ఈమె ఇంజను ఆపకుండానే, "నీ పెండ్లాన్ని అడుగు బావా, నిన్ను నడిపేటందుకు ఏ ఆఫీసుల తీసుకున్నదో. నేనూ ఆడనే తెచ్చుకుంట" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. నాకైతే ఆ మాట ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాకా నిద్ర పట్టలేదు. మనసులో ఉన్న మాట అంత తేలిగ్గా నోటికి రావడం నేను పుస్తకాల్లో తప్ప చూడలేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పటి దసరాకు అన్నీ మారిపోయాయి. యాసంగి దున్నకాలకు ముందు బ్యాటరీని ఛార్జింగ్ కోసం వరంగల్ పంపింది. తిరిగి తెచ్చింది సత్తయ్య. మల్లయ్య కొత్తగా కొన్న ట్రాక్టరుకు డ్రైవరతను, మంచివాడు. బస్సులో అంత బరువు ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చాడు. పూజ వేళయింది. ఇంటి మగదిక్కుగా మల్లయ్య కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. శుభమా అని బండి కదిలే వేళ ఎదురుపడకూడదు కాబట్టి చిన్నమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను బండి ముందు వంగి జాలీకి బొట్లు పెడుతున్నాను. సత్తయ్య వెనక నుంచి బ్యాటరీ తీగలు బిగించాడు, అతనికి తెలిసిన తీరుగా, కొత్త బండికి బిగించినట్టుగా.

కాయ పగిలింది. సత్తయ్య స్టార్టరు లాగాడు. ఎన్నడూ లేనట్టు ఇంజను ఒక్క గుంజుకే అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే డైనమో దగ్గర నీలం పొగ లేచింది, మాడు వాసన కమ్ముకుంది. తలుపు ధడాలున తెరుచుకుంది. "తీగె గుంజు! సత్తిగా, తీగె గుంజు!" అని అరుస్తూ చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. అతను గుంజేసరికి డైనమో లోపల తీగంతా నల్లబడింది. "పండుగ పూట ఎదురొచ్చినవేంది వదినా" అన్నాడు మల్లయ్య.  ఆమె వేడి చల్లారని డైనమో మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

ఆ బండి సామాను రావడం ఆగి చాలా ఏళ్లయిందని వరంగల్ మెకానిక్ చెప్పాడు. డైనమోకు కొత్త తీగ చుట్టించింది, అది నెల తిరక్కుండా మళ్లీ మాడింది. బ్యాటరీ కూడా ప్లేట్లు పోయి చచ్చింది. డీజిల్ ఇంజనుకు ఒకసారి లేచాక కరెంటుతో పనిలేదు. లేవడమే కష్టం. అందుకని బడి వెనక మొరం దిబ్బ మీద బండిని ముక్కు కిందికి ఉండేలా నిలిపేది. పొద్దున చక్రం కింది రాయి తీస్తే వాలుకు దొర్లేది. గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను లేచేది. ఇక పొద్దంతా ఆపకూడదు. మధ్యాహ్నం ఇంజను మోగుతుండగానే సీటు మీద అన్నం తినేది. దాహమేస్తే నన్ను కేకేసేది. రెండేళ్లకు పైగా అలా వాలు మీద బతికింది. నవ్వడం తగ్గింది. ఎక్కడికి పోయినా ముందు నేల పల్లమా, చదునా అని చూసే అలవాటు పడింది.

మూడో వానాకాలం, తొలకరి పడ్డ మర్నాడు, పొలం నడుమ నాగలి రాయికి తగిలి ఇంజను ఆగిపోయింది. చుట్టూ చదును. మల్లయ్య ట్రాక్టరు పక్క చెలకలోనే దున్నుతోంది. తాడు కట్టి ఒక్క గుంజు గుంజితే చాలు. సత్తయ్య తాడు తీశాడు కూడా. మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టి దగ్గరికొచ్చాడు. "ఎందుకు వదినా నీకీ తిప్పలు? గట్టు మీద కూసో. నేను దున్నుకుంట, నీకు గింజలు పంపుత" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే మేలు చేస్తున్నాననుకున్నాడు.

నేను ఇంటికి పరుగెత్తి నాన్నను పిలిచాను. నలుగురు మనుషులొచ్చి తోయాలని చెప్పాను. నాన్న తువ్వాల భుజాన వేసుకుని గడప దాకా వచ్చి ఆగాడు. "ఇంటోళ్ల పంచాయితి బిడ్డా. రేపు మల్లయ్య మొకం నేను సూడాల్నా వద్దా?" అన్నాడు. తిరిగి వెళ్లేసరికి చిన్నమ్మ ఒక్కతే చక్రానికి భుజం ఆనించి తోస్తోంది. నేనూ తోశాను. కాళ్లు బురదలో దిగాయి గానీ బండి కదల్లేదు. పొద్దు గూకేలోపు మల్లయ్య ట్రాక్టరు ఆ పొలంలోకి దిగింది, మా బండిని వదిలి దాని చుట్టూ దున్నింది. ఆమె సొంతంగా దున్నలేదు కాబట్టి, పెద్దమనుషుల తీర్పు ప్రకారం భూమి మల్లయ్యదైంది.

తర్వాత బండిని ఇనుప సామాను కింద అమ్మేశారు. నేను డిగ్రీ కాలేజీకి వరంగల్ వచ్చే ముందు ఆమె ఇంటికి పోయాను. పల్లికాయ ఒలుస్తోంది, మరిది పంపిన పల్లికాయ.  తనే చెప్పింది.

"ఆనాడు తలుపు సందులకెళ్లి సూత్తనే ఉన్న బిడ్డా. సత్తయ్య తీగెలు ఉల్టా పెడ్తాండని నాకు కనబడ్డది."

"మరి పిలవకపోతివా చిన్నమ్మా?"

"ఎట్ల పిలుస్తనే? కాయ కొట్టే యాళ్ల, ముండమోపి గొంతు ఇనవడితె బండికి అరిష్టమంటరు. నోటిదాక వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్న." ఇంకో కాయ ఒలిచి మళ్లీ అంది. "బండి మంచికే ఊకున్న."

బాట మీద అందరికీ జవాబు చెప్పిన మనిషి. తన బతుకు అక్కడ మాడిపోబోతోందని తెలిసి కూడా, ఒక్క మాట పెదవి దాటనివ్వలేదు.  తర్వాత ఆమె ములుగులో అక్క దగ్గరికి పోయింది. ఆ వానాకాలమే అక్కడి దవాఖానలో పోయిందని ఎవరో చెప్పగా తెలిసింది.

ఆమె నాకు ధైర్యం నేర్పిందని రాసుకోవాలని ఉంది. నిజానికి ఆమె దగ్గర నేను తెచ్చుకున్నది భయం, ఊరుకుంటే ఏమవుతుందోనన్న భయం. పోయిన నెల ఊళ్లో మా ఇంట్లో నా సంబంధం మాట్లాడుతున్నారు. మగవాళ్లు ముందు గదిలో, నేను తలుపు వెనక. పెళ్లయితే పిల్ల వరంగల్‌లో చేసే ఉద్యోగం మానేస్తుందని నాన్న మాట ఇస్తున్నాడు. పెద్దలు తాంబూలం పళ్లెం అందుకోబోతున్నారు.  తలుపు తీసి, "నేను మానను నాన్నా" అన్నాను. అంత చిన్న గొంతుతో అన్నా అందరూ విన్నారు. వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోయారు. అమ్మ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చేసింది మంచో చెడో నాకు తెలియదు. ఈ సంగతి చెప్పుకోవాలనిపించిన మనిషి ఒక్కతే, ఆమె లేదు.