కొండతల్లి చెవికి నచ్చిన పికప్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని గవరపాలెంలో అందరికీ తెలుసు. మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు మెత్తగా ఉంటే సామాను మిగులుతుందా? పెళ్ళికి పట్టుకెళ్ళిన మైకుని నేలకేసి కొట్టి, "ఇది పని సెయ్యట్లేదండీ" అని చేతిలో పెట్టి పోయేవాళ్ళని చూసీ చూసీ నా నోరు ఇలా తయారైంది. ఇరవై ఏళ్ళలో నేను గట్టిగా తిట్టలేకపోయిన మనిషి ఒక్కడే, పొట్టిబాబు. తిట్టాలని లేక కాదు. తిడితే నవ్వేవాడు. నవ్వేవాణ్ణి ఎంతసేపని తిడతాం?

పేరుకే పొట్టిబాబు, మనిషి ఆరడుగులు. చెరకు ఆడే నెలల్లో తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో పని. సీజను అయిపోతే ఆర్కెస్ట్రాలో గిటార్. నూకాలమ్మ జాతరైనా, వినాయక చవితి పందిరైనా నా మైకులూ అతని గిటారూ ఒకే వ్యానులో వెళ్ళేవి. కలకత్తా నుంచి వచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటార్ అది. సగం బోలు రకం. నడుమ గట్టి చెక్క దిమ్మ, దానికి రెండు పక్కలా ఖాళీ. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే ఆరడుగుల మనిషీ చంటిపిల్లని ఎత్తుకున్నవాడిలా కనబడేవాడు.

అతని పెళ్ళి కథ నా కళ్ళ ముందే జరిగింది. చీడికాడలో ప్రోగ్రాం. రెండు పాటలయ్యాక ఒక పిల్ల స్టేజీ పక్కకొచ్చి నిలబడింది. పాట చీటీ ఇవ్వడానికనుకున్నాను. కాదు.

"ఓ గిటారు బాబూ, మీ మూడో తీగ శ్రుతి దిగిపోయింది. సూసుకోండి," అంది.

చూసుకుంటే నిజమే! అందరి ముందూ అలా అన్నందుకు నాకు ఒళ్ళు మండింది. పొట్టిబాబు మాత్రం ఆ పిల్లకేసి చూస్తూ ఉండిపోయాడు. మరుసటేడు అదే ఊరు వెళ్ళి పెళ్ళిచూపులు కూడా లేకుండా సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. ఆ పిల్లే కొండతల్లి. పాడదు, వాయించదు. చెవి మాత్రం అలాంటి చెవి నేను మళ్ళీ చూడలేదు. సాయంత్రం అతను అరుగు మీద కూర్చుని శ్రుతి చేసుకుంటుంటే లోపల చారు పోపు పెడుతూనే, "ఇంకొంచెం బిగించు... సాలు సాలు, ఎక్కువైపోనాది," అనేది. ఊళ్ళో వాళ్ళు ఎన్ని చప్పట్లు కొట్టినా అతనికి లెక్క లేదు. ఇంటికొచ్చి "ఎలగుందే?" అని అడగాలి, ఆమె "బాగుంది" అనాలి. అప్పుడే అన్నం తినేవాడు.

రెండు వేల ఆరులో ఆమెకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ చెవులు తగ్గడం మొదలుపెట్టాయి. మొదట కుక్కర్ విజిల్ వినబడలేదు. తర్వాత పక్కింటి పసిపిల్ల ఏడుపు. విశాఖపట్నంలో చెవి డాక్టరు నరం ఎండిపోతోందన్నాడు. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట, బరువైన చప్పుళ్ళు చివరిదాకా ఉంటాయట. మిషను పెడితే కుయ్యిమంటుందే తప్ప మాట తెలియలేదు. ఇంకెన్నాళ్ళని అడిగితే చెప్పలేనన్నాడు.

మరుసటేడు వేసవిలో పొట్టిబాబు నా షాపుకొచ్చి గిటార్ బల్ల మీద పెట్టాడు.

"దీని పికప్పులు మార్చెయ్యాల బావా."

పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న డబ్బా. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ. తీగల వణుకుని పట్టి యాంప్లిఫయర్ బాక్సుకి పంపేది అదే. గిటార్ గొంతు సగం దానిలోనే ఉంటుంది.

"ఉన్నవాటికి ఏటి రోగం? బాగానే పలుకుతున్నాయి కదా," అన్నాను.

"నీకూ నాకూ బాగానే ఉంది. మా కొండతల్లికి సన్నగా ఇనబడతోంది. లావుగా పలికేది పెడితే ఇంకొన్నాళ్ళు ఇంటాది బావా. డాక్టరు అదే కదా సెప్పేడు. ఏది కావాలో కొండతల్లే ఏరుకోవాల. చెవి పూర్తిగా పోకముందే ఏరుకోవాల."

జాలేసినప్పుడు నేను కసురుతాను. "స్టేజీ మీద డ్రమ్ముల మధ్య లావు శబ్దం కలిసిపోతాది, తెలీదా? పదునుగా ఉన్నదే నీకు పనికొస్తాది," అని కసిరాను. అతను నవ్వాడు. కలకత్తా షాపుకి ఉత్తరం రాసి రెండు రకాలు తెప్పించాం. ఒకటి రెండు చుట్లది, లావుగా, గుమ్ముగా పలుకుతుంది. రెండోది ఒంటి చుట్టుది, పదునుగా ఉంటుంది. అది నేను పట్టుబట్టి తెప్పించింది.

ఈ సగం బోలు గిటార్లతో పెద్ద తలనొప్పి ఉంది. వెనక మూత ఉండదు. వైర్లన్నీ పక్కనున్న సన్నటి కంత లోంచి దారం కట్టి లాగాలి, మళ్ళీ దారం కట్టే లోపలికి పంపాలి. ఒకసారి బిగిస్తే విప్పడానికి పూట పడుతుంది. అందుకని పరీక్షకి పికప్పులు పైపైన ఆనించి, వైర్లు బయటికే ఉంచి, మొసలినోటిలా కరిచి పట్టే క్లిప్పులతో బాక్సుకి తగిలించాను. మైకులూ రేడియోలూ బాగుచేసే మాలాంటివాళ్ళం అలాగే చేస్తాం.

ఆ రోజు మధ్యాహ్నం వాటిని విని చెప్పడానికి కొండతల్లి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. "అన్నయ్యా, బాగున్నారా?" అని స్టూలు మీద కూర్చుంది. పొట్టిబాబు ఆమె ముందు నిలబడి పెదాలు బాగా కదిపి చెప్పాడు.

"గోడేపు తిరిగి కూకో. నా మొకం సూసి సెప్పేత్తావు నువ్వు. ఒక్కోటీ అయ్యాక భుజం తడతాను. ఏది బాగుందో సెప్పు."

ఆమె ముఖంలో ఏదో మారింది. ఒక్క క్షణమే. తర్వాత నవ్వి గోడ వైపు తిరిగింది.

మొదటిది, లావుది. వాయించాడు. నా షాపులో రేకులు అదిరాయి. ఎంత బాగుందో! నా మాట తప్పని ఒప్పేసుకున్నాను. ఆమె తల తాళానికి ఊగుతోంది. నిజానికి తాళానికి కొంచెం వెనకబడి ఊగింది, కానీ అప్పుడు నేను పట్టించుకోలేదు. భుజం తట్టాడు. ఆమె తలూపింది.

క్లిప్పులు మార్చి రెండోది తగిలించాను. అతను చెయ్యెత్తాడు. ఇంకా తీగ మీద పడలేదు, నా దరిద్రపు క్లిప్పు జారి పక్కదానికి తగిలింది. బాక్సులోంచి తుపాకీ పేలినట్టు "టప్"మంది. నేను ఎగిరిపడ్డాను. ఎదురు కొట్టులోవాళ్ళు తొంగి చూశారు. బాక్సు మూగబోయింది.

కొండతల్లి కదలలేదు.

ఆమె తల మెల్లగా ఊగుతోంది. వేళ్ళతో మోకాలి మీద తాళం కూడా వేస్తోంది. పొట్టిబాబు చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. నేను క్లిప్పు కోసం వంగబోతే కళ్ళతోనే వద్దన్నాడు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, ఒక పాట పట్టేంతసేపు. ఆ షాపులో ఆమె ఒక్కతే వింటోంది. చివరికి అతను వెళ్ళి ఆమె భుజం తట్టాడు.

ఆమె ఇటు తిరిగింది. ముఖమంతా నవ్వు.

"రెండోదే. మొదట్దీ బాగుంది గానీ ఇది ఇంకా బాగుంది. సీడికాడలో నువ్వు వాయించినట్టే ఉంది."

"అదే పెట్టించేత్తాను," అన్నాడు పొట్టిబాబు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను వంగి జారిన క్లిప్పు తీసుకున్నాను.

మేం బిగించేలోపు గాజులు కొనుక్కొస్తానని ఆమె బజారుకి వెళ్ళింది. ఆమె మలుపు తిరిగేదాకా అతను గుమ్మంలోనే నిలబడి చూశాడు. తర్వాత వచ్చి నా బల్ల పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక గొణిగాను.

"ఇంక ఏది పెడితే ఏటి బావా? నీకు నచ్చింది సెప్పు, పెడతాను."

"రెండోదే పెట్టు. అది ఏరుకున్నాది కదా."

"అలాగే."

"దానికి మాత్రం తెలీకూడదు. నన్ను ఏడిపించకూడదని ఇన్నాళ్ళూ ఎంత కష్టపడిందో సూడు. తాళమేసే నా కాలు సూసీ, మొకం సూసీ బాగుందనేది..."

దారం కట్టాను. వైరు లోపలికి పంపాను. వైరు కంతలో అడ్డం తిరిగింది. అతనే లేచి దారం కొస పట్టుకున్నాడు. ఇద్దరం ఆ సన్నటి కంత మీదికి వంగి ఉన్నాం.

"ఎన్నాళ్ళయిందంటావు బావా?" అన్నాడు.

"నాకేటి తెలుసు?"

"రోజూ వాయించేను. బాగుంది అంటాది, అన్నం తినీసి పడుకుంటాను. కొన్ని రోజులు అలిసిపోయి ఏదోలే అని వాయించీసేను. ఆఖర్న ఏ పాట ఇన్నాదో నాకు తెల్దు బావా. తెలిసుంటే... తెలిసుంటే కొంచెం బాగా వాయించీవోణ్ణి."