ఊరుకున్నాకే ముద్ద

ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్‌లో మేం అద్దెకున్న ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ పక్కింట్లో ఒక నర్సు ఉండేది. రాత్రంతా డబ్లిన్‌లో ఆసుపత్రి డ్యూటీ, పగలు నిద్ర. మా కుక్క అరిచేది పగలే. ఆమె ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని మా ఇంటి యజమానికి చెప్పింది. ఆయన మా ఆయనకు మెసేజ్ పెట్టాడు: మళ్ళీ అరుపుల మాట వినిపిస్తే కుక్కయినా వెళ్ళాలి, మీరైనా వెళ్ళాలి.

మేం వెళ్ళడానికి చోటు లేదు. ఊళ్ళోని కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ విస్తరిస్తున్న రోజులవి. ఒక ఇల్లు ఖాళీ అయిందంటే చూడ్డానికి వచ్చినవాళ్ళ వరస వీధి మలుపు దాకా ఉండేది. మా ఆయనా అదే ఫ్యాక్టరీలో ఇంజినీరు కనుక ఆ వరసలో ఉన్నవాళ్ళలో సగంమంది తెలిసినవాళ్ళే. కాబట్టి కుక్క నోరు మూయించాలి, లేదా దాన్ని వదులుకోవాలి. మా అమ్మాయి రెండేళ్ళు బతిమాలి జంతువుల ఆశ్రమం నుంచి తెచ్చుకున్న కుక్క అది.

ఆ ఆశ్రమం నుంచే ఒకావిడ వచ్చి మా వంటింట్లో కూచుంది. కుక్కలకు నేర్పడం ఆవిడ పని. అది అరిచినప్పుడు మీరేం చేస్తారని అడిగింది. గట్టిగా కసురుతానన్నాను.

"మీరూ తనతో కలిసి అరుస్తున్నారనుకుంటుంది," అంది నవ్వి.

కొట్టడం, తిట్టడం, షాకు కొట్టే మెడపట్టీలు, ఏవీ వద్దంది. అరుపు ఆగిన క్షణాన, ఊపిరి పీల్చుకోడానికి ఆగినా సరే, ఓ చిన్న ముక్క నోట్లో పెట్టమంది. మర్నాడు ఇంకాస్త ఆగాక పెట్టండి, ఆ మర్నాడు ఇంకాస్త. పెరటి గాజు తలుపుకు కింది సగం కాగితం అంటించండి, పొద్దున్నే బాగా నడిపించండి. దేన్ని చూసి అరుస్తుందో అది కంటపడక ముందే పిలిచి ముక్క పెట్టండి. ఇంట్లో మాంసం వండం కనుక పనీర్ ముక్కలు చాలన్నాం. కుక్కకు అభ్యంతరం లేకపోయింది.

ఎందుకు అరుస్తుందో మాత్రం నేనే కనిపెట్టాల్సి వచ్చింది. పత్రికాఫీసు డెస్కులో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని. జరిగింది జరిగిన వరసలో పెట్టుకుంటే సగం అర్థమవుతుందని అక్కడ నేర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం పని ఆపి, మెట్ల మీద కూచుని చూశాను. మా అత్తగారు మూణ్ణెల్ల వీసా మీద వచ్చి ఉన్నారు. మామగారు పోయినప్పటి నుంచీ తను తినబోయే ముందు కాకులకు ఓ ముద్ద పెట్టందే ఆవిడ కంచం ముందు కూచోరు. ఇక్కడా పెరటి గోడ మీద పెడుతున్నారు. ముద్ద పెట్టగానే కాకులు దిగాయి. కాకుల్ని చూసి కుక్క తలుపు దగ్గర గొంతు చించుకుంది. "నీకూ ఆకలేనా నాయనా," అంటూ ఆవిడ పెరుగన్నం ముద్ద దాని ముందు పెట్టారు. అది తిని ఊరుకుంది.

అంటే ఇంట్లో దానికి అరవడం నేర్పుతున్నది మేమే, అదీ ప్రేమగా, రోజూ వేళ తప్పకుండా.

"అత్తయ్యా, అరుస్తుంటే పెట్టకండి. ఊరుకున్నాక పెట్టండి," అన్నాను.

"బానే ఉంది. మీ ఆయన ఏడ్చినప్పుడు నేనూ అట్టాగే ఊరుకున్నాక పాలిస్తానని కూచునుంటే ఇవాళ ఇంజినీరయ్యేవాడా?"

"హీ ఈజ్ నాట్ ఎ బేబీ, నానమ్మా," అంది అమ్మాయి, కుక్కను దగ్గరికి లాక్కుని.

"నువ్వు మాట్టాడబాక. మొన్నటిదాకా సినిమా పెడితేగాని ముద్ద మింగేదానివి కాదు."

నవ్వుకున్నాం గానీ, కాకులకు పెట్టడం మానమని నేనెలా చెప్పను? మా ఆయనను చెప్పమంటే టీవీ రిమోటు వెతుక్కున్నాడు. చివరికి ఆవిడే గ్రహించి, ఓ డబ్బాలో అన్నం పట్టుకుని లిఫీ నది ఒడ్డుకు వెళ్ళి పెట్టి రావడం మొదలెట్టారు. వానలో కూడా. కానీ ఆ సంగతి మా పెరటి కాకులకు తెలియదు. వేళకు వచ్చి ఖాళీ గోడ మీద కూచునేవి. కుక్క అరిచేది.

అత్తగారు పనీర్ ముక్క గుప్పిట్లో పట్టుకుని, మొహం సింకు వైపు తిప్పుకుని నిలబడేవారు. "దాని కళ్ళు చూశానంటే నా వల్ల కాదమ్మా. అది ఆపంగానే చెప్పు." నేను చెప్పేదాన్ని. ఆవిడ తిరిగి పెట్టేవారు. అలా గంటసేపటి గోల కాస్తా తగ్గుతూ తగ్గుతూ నాలుగైదు అరుపుల దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది.

ఒక సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతున్న నర్సును గేటు దగ్గర అడిగాను, ఎలా ఉందని.

"గ్రాండ్, గ్రాండ్. చాలా తగ్గింది, నిజంగా," అంది. పరవాలేదనడానికి ఇక్కడివాళ్ళు గ్రాండ్ అంటారు. కారు తాళాలు చేతిలో తిప్పుకుంది. "నాకు ఒక్క అరుపుకే మెలకువ వచ్చేస్తుంది. మళ్ళీ నిద్ర పట్టదు. సారీ."

ఆమె నాకు సారీ చెప్పింది. కోపంగా అనుంటే ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

ఆమె మళ్ళీ ఫిర్యాదు చెయ్యలేదు. బాయిలర్ చూడ్డానికి వచ్చిన యజమాని స్వయంగా విన్నాడు, కాకుల వేళకు. వెళ్తూ లీజు సంగతి గుర్తు చేశాడు. ఇక కుక్కను ఎవరికైనా ఇవ్వక తప్పలేదు.

మా ఆయన పాత సహోద్యోగి ఒకతను దూరాన ఎన్నిస్‌లో ఉంటాడు. ఊరికి కాస్త ఎడంగా ఇల్లు, కానీ వాళ్ళింట్లో పసిపిల్లాడున్నాడు. చూద్దాం, పిల్లాడి నిద్ర చెడకపోతే ఉంచుకుంటామని చెప్పి శనివారం కారేసుకుని వచ్చాడు. అమ్మాయి కుక్క దుప్పటి మడిచి వెనక సీట్లో పరిచింది. ఏడవలేదు.

కారు తలుపు వెయ్యగానే కుక్క అరవడం మొదలెట్టింది. అత్తగారు సగం దించిన అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. గుప్పిట్లో పనీర్ ఉంది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"ఇచ్చెయ్యున్రి ఆంటీ, లేటైతది," అన్నాడతను స్టీరింగ్ ముందు నుంచి.

"ఉండు బాబూ. ఊరుకున్నాకే పెట్టాల."

అది ఊరుకోలేదు. అద్దానికి కాళ్ళు ఆనించి, అమ్మాయి వైపు చూస్తూ అరుస్తూనే ఉంది. పక్కింటి పైగది కర్టెను మూసే ఉంది.

"ఈ ఒక్కసారికి పెట్టెయ్యండి అత్తయ్యా," అన్నాను నేనే.

"ఇప్పుడు పెడితే అక్కడా అరుస్తది. ఆళ్ళూ పంపించేస్తారు," అన్నారావిడ. గుప్పిట తెరవకుండానే వెనక్కి జరిగి, ఇక పొమ్మని అతనికి తల ఊపారు.