ఏనుగు చెవిలో ఎర్రదారం

మా కాక పోయాడన్న కబురు నాకు కుంభారి బస్సులో తెలిసింది. పనికి వెళ్తుంటే కాక భార్య, మా చిన్నమ్మ, ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు.

"మీ కాక పోయిండు బిడ్డా. చాయ తాగిండు, గ్లాసు కడిగి బోర్లేసిండు, జరసేపు ఒరుగుత అన్నడు. గంతే."

తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి వెళ్లే బస్సు ఎటువైపు ఆగుతుందో తోచక కాసేపు రోడ్డు మీదే నిలబడ్డాను. ఇరవయ్యేళ్లకు పైగా ఆ రోడ్డు నాకు తెలుసు. అయినా తోచలేదు.

షోలాపూర్‌లో పిల్లల్ని పెంచినవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. హోట్గి రోడ్డు అవతల పార్కులో జీబ్రా చారల ట్రాక్టరుకు బోగీల్లాంటి రెండు డబ్బాలు తగిలించి, మైకులో అరుస్తూ పిల్లలకు అడవి చూపించింది ఆయనే. అడవి అంటే పెద్దగా ఊహించుకోకండి. కొన్ని తుమ్మచెట్లు, వెదురు పొదలు, ఒక సిమెంటు మడుగు, మధ్య మధ్య ఫైబరు జంతువులు. బోర్డు మీద మాత్రం సఫారీ అని రాసి ఉండేది. పిల్లలందరికీ ఆయన 'సఫారీ కాకా'. నాకు మాత్రం మా బాపు తమ్ముడు, సొంత కాక. ఆ తేడా చిన్నప్పుడు బడిలో అందరికీ తెలిసేలా చూసుకునేదాన్ని.

అంతకుముందు ఆయన చద్దర్లు, అంటే దుప్పట్లు, నేసే కార్ఖానాలో జాబర్. మరమగ్గం మొరాయిస్తే దాని రోగం కనిపెట్టి నయం చేసే మనిషి. కార్ఖానా మూతపడ్డాక జంతువుల మోటార్లు చూడడానికి పార్కులో చేరాడు. కథ చెప్పే అతను ఒకరోజు రాలేదని మైకు ఈయన చేతికిచ్చారు. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు. మగ్గాల మోతలో పెరిగిన మేమంతా గట్టిగానే మాట్లాడతాం. మైకు ఉన్నా సరే, ఈయన పక్క షెడ్డువాడికి వినపడాలన్నట్టే కథ చెప్పేవాడు. "కాకా, మైక్ బంద్ కేలా తరీ చాలేల్" అనేవాడు మాలక్, అంటే పార్కు యజమాని. మైకు ఆపేసినా నడుస్తుందని ఆయన ఎగతాళి. కాక దాన్ని మెచ్చుకోలనుకుని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాడు.

ట్రాక్టరు ఎక్కేముందు చెప్పులు విడిచేవాడు. వానాకాలం వస్తే పులి తలకు ప్లాస్టిక్ సంచి కట్టేవాడు. మోటారు తడవకుండా అనేది అసలు కారణం, అడిగితే మాత్రం "దానికి పడిశం పడ్తది" అనేవాడు. మధ్యాహ్నం కడక్ భాకరీని, అప్పడంలా ఎండిన జొన్నరొట్టెను, మోకాలికేసి పటుక్కున విరిచి, పల్లీల చట్నీతో నమిలేవాడు. బండిలో మన తెలుగువాళ్లు ఒక్కరున్నా కథ మరాఠీ నుంచి తెలుగులోకి దూకేది. "మనోళ్లు గూడ టికెట్ తీసుకున్రు గదా" అని సమర్థించుకునేవాడు.

ఇక అసలు కథ. ఆ సఫారీకి మొదట ఒకటే కథ ఉండేది. పిల్లఏనుగు తప్పిపోతుంది. వేటగాళ్ల జీపు కనపడుతుంది, తుపాకీ మోత వినపడుతుంది. బండి మలుపు తిరిగేసరికి మడుగు ఒడ్డున తల్లి ఏనుగు పక్కకు ఒరిగి పడి ఉంటుంది. పిల్లఏనుగు దాని తొండం దగ్గర నిలబడి ఉంటుంది. "తల్లి సచ్చిపోయింది పిల్లలూ. ఇగ ఈ బిడ్డను మనమే సాదుకోవాలె" అని కాక చెప్పేవాడు. అడవిని కాపాడాలన్న నీతి అందులో ఉందని మాలక్ నమ్మకం.

ఆ రోజుల్లోనే మా అమ్మకు జబ్బు చేసింది. నాకు ఎనిమిదేళ్లు. వైద్యం కోసం ఆమెను సిరిసిల్ల దగ్గర పుట్టింటికి తీసుకెళ్లారు. కొన్నాళ్లకు బాపు ఒక్కడే తిరిగొచ్చాడు, చంకలో అమ్మ చద్దరు పెట్టుకుని. "మీ అవ్వకు నయమైనంక వస్తది" అని నానమ్మ చెప్పింది. మా ఇళ్లల్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఇంటికొచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్లు. నేను మాత్రం ప్రతి సాయంత్రం అశోక్ చౌక్‌లో ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని, బస్టాండు వైపు నుంచి వచ్చే రిక్షాలన్నీ చూసేదాన్ని. ప్రతి రిక్షాలోనూ ముందు చీర రంగు చూసేదాన్ని, తర్వాత ముఖం. ఈ మాట రాస్తుంటే ఆ మెట్టు చల్లదనం ఇప్పటికీ నాకు తెలుస్తోంది.

ఒక ఆదివారం కాక నన్ను పార్కుకు తీసుకెళ్లి, బండిలో ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. కథంతా ఎప్పటిలాగే చెప్పాడు. అందరూ దిగిపోయాక నేను దిగలేదు.

"కాకా, ఏనుగు మళ్ల లేవదా?"

"లేవదు బిడ్డా."

"మరి మా అవ్వ?"

ఆయన ట్రాక్టరు ఇంజను ఆపేశాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ అరిచే మనిషి ఆరోజు ఎంత మెల్లగా మాట్లాడాడంటే, నేను ఆయన నోటి దగ్గరికి చెవి తీసుకెళ్లాల్సి వచ్చింది. "మీ అవ్వ గూడ లేవదు. రాదు. ఇగ రిక్షాల దిక్కు చూడకు బిడ్డా."

ఇంట్లో పెద్ద గొడవైంది. "పసిపోరికి గట్ల చెప్తార్రా? నీకు దిమాగ్ ఉన్నదా?" అని నానమ్మ తిట్టింది. కాక తలుపు దగ్గర నిలబడి, "ఎన్ని దినాలు చౌక్‌ల కూసోవెడ్తవే దాన్ని?" అని ఒక్కటే అడిగాడు. నానమ్మ ఆ తర్వాత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను ఏడ్చాను, జ్వరం తెచ్చుకున్నాను, లేచాను. చౌక్‌కు మళ్లీ వెళ్లలేదు. అబద్ధం ఆడకుండా నన్ను ఏడవనిచ్చిన ఒకే ఒక్క పెద్దమనిషి ఆయన. ఇవాళ ఈ నాలుగు మాటలు రాయడానికి అదే కారణం.

చనిపోయినవాళ్ల పక్కబట్టలు మా ఇళ్లల్లో ఉంచుకోరు. అమ్మ చద్దరు ఊరి బయట పడేసి రమ్మని నానమ్మ దాన్ని కాక చేతికే ఇచ్చింది. తీసుకుని వెళ్లాడు. పడేశాడనే అందరం అనుకున్నాం.

ఆ ఏడాదే సఫారీ కథ మారింది. పిల్లలు ఏడుస్తున్నారని, అన్నం తినడం లేదని తల్లిదండ్రులు మాలక్‌తో తగువేసుకున్నారట. తల్లి ఏనుగు లేవాలి అని ఆయన హుకుం జారీ చేశాడు. పడిపోయినట్టు చేసిన బొమ్మ ఎలా లేస్తుంది? కాక తుక్కులోంచి ఒక పాత మగ్గం మోటారు తెచ్చి మెడలో బిగించాడు. మీట నొక్కితే ముందు చెవి ఆడుతుంది, తర్వాత తల మెల్లగా పైకి లేస్తుంది. జాబర్ పనితనమంతా అందులో పెట్టాడు.

నేను మాత్రం ఆ వార్త విని మండిపోయాను. నాతో లేవదని చెప్పి, ఊరందరికీ లేపి చూపిస్తాడా! వాకిట్లో భాకరీ తింటున్న మనిషి ముందు నిలబడి నిలదీశాను. "నాకు చెప్పింది అబద్ధమా, గా పిల్లలకు చెప్పేది అబద్ధమా?"

ఆయన నవ్వలేదు. "మగ్గం మీద కొత్త పడుగు ఎట్ల ఎక్కిస్తమో చూసినవ్ గదా. పాతది తెంపి పారేస్తమా? దాని కొసలు అట్లనే ఉంచి, ఒక్కొక్క పోగుకు కొత్త పోగు అతుకుతం. కథ గూడ గంతే. వచ్చి చూడు, గప్పుడు కొట్లాడు" అన్నాడు.

వెళ్లి చూశాను. మడుగు దగ్గర ఆయన ట్రాక్టరు ఆపేసి మైకు కింద పెట్టాడు. "జర సేపు ఎవ్వరు మాట్లాడకున్రి" అన్నాడు. పిల్లలు గప్‌చుప్ అయ్యారు. ఏనుగు పడి ఉంది, మొదటి కథలో లాగే. ఆ నిశ్శబ్దం ఎంతసేపంటే, ఇక లేవదేమో అని ప్రతి ఒక్కరికీ లోపల ఒకసారి అనిపించేంతసేపు. ఆ తర్వాత, "ఇగ పిలువున్రి! మూడుసార్లు!" అని అరిచాడు. అందరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఎవరి భాషలో వాళ్లు తల్లిని పిలిచారు. మూడో పిలుపుకు చెవి ఆడింది.

నేను పిలవలేదు. ఆ చెవిని చూస్తూ ఉండిపోయాను. ఫైబరు చెవి మోటారు అదురుకు మొదటి వారమే ఊడిపడిందట. దాని బదులు గుడ్డతో కొత్త చెవి చేసి, గంజి పట్టించి, పైన బూడిదరంగు వేశాడు. రంగు కింద చద్దరు పువ్వులు ఉబ్బెత్తుగా కనపడుతున్నాయి. కింది అంచున జానెడు కుట్టు ఉంది. బీడీలు కట్టే ఎర్రదారంతో వేసిన కుట్టు. చద్దరు చినిగితే మా అమ్మ బీడీల చాట ఒళ్లోనే పెట్టుకుని, చేతికందిన ఆ దారంతోనే కుట్టేసింది. ఆ పూట నేను ఆమె పక్కనే కూర్చున్నాను. కాక అన్నిచోట్లా రంగు పూశాడు గానీ ఆ కుట్టు మీద పూయలేదు.

బండి దిగాక ఆయన వైపు చూశాను. "నానమ్మకు చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. నానమ్మ పోయేదాకా చెప్పలేదు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ బండి ఎక్కానో. అమ్మ రాదని నాకు తెలుసు. ఆ సంగతి చెప్పిన మనిషే ముందు కూర్చుని బండి నడుపుతున్నాడు. అయినా మూడో పిలుపుకు ఆ చెవి కదిలితే నా ఒళ్లు జల్లుమనేది. ఆశ కాదు అది, మరేదో. దాన్ని ఏమనాలో పెద్దయ్యాక కూడా నాకు తెలియలేదు. ఆయనకు మాత్రం తెలుసు. అందుకే నన్ను ఒక్కసారి కూడా "మళ్లీ ఎందుకు వచ్చినవ్" అని అడగలేదు.

నేను పెద్దదాన్నయ్యాను, యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కత్తెర పట్టాను, పెళ్లయి కుంభారిలో కాపురం పెట్టాను. సఫారీ కథ మళ్లీ మారింది. మాలక్ కొడుకు ఎక్కడో చూసొచ్చి రికార్డు గొంతు పెట్టించాడు. హిందీలో ఒక ఆడమనిషి సంగీతం మధ్య కథంతా చెప్పేస్తుంది. ఎవరు పిలిచినా పిలవకున్నా సమయానికి ఏనుగు తల ఎత్తుతుంది. కాకకు స్టీరింగు ఒక్కటే మిగిలింది. బాధపడ్డాడా అంటే, చిన్నమ్మతో కూడా అనలేదు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు: "గా ఆమె మస్తు చెప్తది గని, ఊపిరి తీసుకోదు బిడ్డా. ఊకోవుడు రాదు ఆమెకు." అయినా మడుగు దగ్గర బండి కొంచెం ఆలస్యంగా కదిలేది. గేరు పడట్లేదని సాకు చెప్పేవాడు. ఒక జాబర్‌కు గేరు పడకపోవడం!

నా కూతురు మూడేళ్లప్పటి నుంచి ఆ బండి ఎక్కింది. ఆ రికార్డు కథను వదిలేసి, ఆయన దాని చెవిలో మెల్లగా చెప్పి పాత పద్ధతే నేర్పాడు. ముందు నిశ్శబ్దం, తర్వాత మూడు పిలుపులు. పోయిన ఏడాది ఆయాసం ఎక్కువై పని మానేశాడు. మంచం మీద నుంచి కూడా దాన్ని అడిగేవాడు, "చెవి ఆడుతున్నదా?" అని.

దినాలు అయిన మర్నాడు పార్కులో పనిచేసే ఒకతను చిన్నమ్మను పలకరించడానికి వచ్చాడు. మాటల్లో చెప్పాడు. కథ మళ్లీ మారుతోందట. ఈసారి ఏనుగులు అసలే లేవు, రాక్షసబల్లులు వస్తున్నాయి. పాత బొమ్మల్ని రేపో మాపో తుక్కుకు వేస్తారట. చిన్నమ్మ నా ముఖం చూసింది. చెవి సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసని నాకు అప్పుడే తెలిసింది. "పో బిడ్డా, తెచ్చుకో" అంది.

కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్లాను. ఏనుగును అప్పటికే మడుగు దగ్గర నుంచి లాగి, షెడ్డు గోడకు ఆనించి పెట్టారు. మోటారు తీసేసినచోట మెడలో బొక్క ఉంది. మేనేజరు కుర్రవాడు మంచివాడే. "తాయీ, హా కాన్ ఘేవూన్ కాయ్ కరణార్?" అని అడిగాడు. ఈ చెవి తీసుకెళ్లి ఏం చేస్తానని. మా కాకది అన్నాను. అబద్ధం కాదు.

రోజంతా గుడ్డ కత్తిరించడమే నా పని. ఆరోజు మాత్రం ఒక్కో కోతకు ఆగి చూసుకున్నాను. కుట్టుకు తగలకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచి కత్తిరించాను.

ఇంటికొచ్చి తొట్టిలో నానేశాను. ఏళ్ల తరబడి పేరుకున్న రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. కింద నుంచి మెరూన్ రంగు, పసుపుపచ్చ పువ్వులు, అక్కడక్కడ వెలిసిపోయి, బయటపడ్డాయి. ఎర్రదారం ఒక్క పోగు కూడా ఊడలేదు. పిండకుండా అలాగే తీసుకెళ్లి వాకిట్లో తాడు మీద ఆరేశాను. నీళ్లు కారుతున్నాయి. ఎండ నిలువునా ఉంది, గాలి లేదు.

"మమ్మీ, పిలువనా?" అంది నా కూతురు.

నేను జవాబు చెప్పేలోపే వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను ఊరుకోమంది. అచ్చం ఆయనలాగే. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాం, ఇక లేవదేమో అనిపించేంతసేపు. తర్వాత అది నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలిచింది. "అవ్వా!" మళ్లీ పిలిచింది.

మూడోసారి నేనూ పిలిచాను. తడిసిన చెవి బరువుగా తాడుకు వేలాడుతోంది. ఇద్దరం దాని ముందే నిలబడి గాలి కోసం చూస్తున్నాం.