మిషనక్క ఎడమచెయ్యి

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మిషనక్క అని పిలిచేవాళ్ళు. అంతవరకూ కటింగ్ బల్ల దగ్గర మగవాళ్ళే ఉండేవారు. అక్కడ కరెంటు కత్తి పట్టిన మొదటి ఆడమనిషి ఆమే. ఎనభై పొరల గుడ్డ పరిచి, పైన గీతల కాగితం అంటించి ఇస్తే చాలు, గీత మీద చీమ నడిచినంత నిదానంగా కత్తిని నడిపేది. మొదట్లో ముసిముసిగా నవ్వినవాళ్ళే, కాలరు వంపు దగ్గరకొచ్చేసరికి "అక్కా, నువ్వొకసారి చూడు" అనడం మొదలుపెట్టారు.

"ఇంట్లో మీ ఆయన్ని కూడా ఇలాగే కోసిపారేస్తావా?" అని ఒకడు ఎగతాళి చేస్తే, "ఆయన పనే ఇస్త్రీ. ఏనాడో చదునైపోయాడు, కోయడానికేముంది!" అంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ భర్త కూడా నవ్వాడు.

కుడిచేత్తో కత్తిని తోస్తున్నంతసేపూ ఎడమచేత్తో గుడ్డను అణిచి పట్టుకోవాలి. ఆ చేతికి ఇనుప తీగతో అల్లిన గ్లోవు ఒకటి ఇచ్చారు. మగవాళ్ళ కొలతకు కొన్నది. ఆమె తొడుక్కుంటే వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడుతూ గుడ్డకు తగులుకునేవి. చిన్నది తెప్పించమని సూపర్‌వైజర్‌ని రెండుసార్లు అడిగింది.

"నీ ఒక్కదాని కోసం ఆర్డరు పెట్టాలా? సర్దుకోమ్మా," అన్నాడు.

సర్దుకుంది. పైవాళ్ళు తనిఖీకి వచ్చిన రోజు తొడుక్కునేది, మిగతా రోజుల్లో విప్పి పక్కన పెట్టేది.

ఒకనాడు భోజనాలయ్యాక చొక్కా చంక వంపు కోస్తోంది. అడుగు పొర ఎక్కడో మడతపడినట్టనిపించింది. కత్తి ఆపకుండానే ఎడమచేత్తో సవరించబోయింది. ముందు నొప్పి తెలియలేదు. తెల్లగుడ్డ ఎర్రబడటం చూసి, "అయ్యో, గుడ్డంతా పాడైపోయిందే" అనుకుంది. ఆ తర్వాతే చేతికేసి చూసుకుంది.

భర్త ఇస్త్రీ పెట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. దొరికిన గుడ్డతో చెయ్యి చుట్టాడు. ఆసుపత్రి చేరేదాకా "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నాడు. చూపుడువేలూ మధ్యవేలూ సగానికి పోయాయి. అతికించడం కుదరదని డాక్టరమ్మ చెప్పేసింది.

పదిరోజులకు సూపర్‌వైజర్ పళ్ళసంచీతో ఇంటికొచ్చాడు. సంచీలోంచి ఒక కాగితం తీశాడు. గ్లోవు లేకుండా పనిచేయడం వల్లే ప్రమాదం జరిగిందని అందులో ఉంది.

"అబద్ధమేం రాయలేదు కదమ్మా. ఆ రోజు వేసుకోలేదుగా?"

"వేసుకోలేదండీ. చిన్నది కావాలని అడిగాను, అది కూడా రాయండి."

"అవన్నీ ఇందులో రాయరమ్మా."

ఆమె భర్తవైపు చూసింది. అతను నేలచూపులు చూస్తున్నాడు. ఆమె సంతకం పెట్టింది.

సూపర్‌వైజర్ వీధి మలుపు తిరిగాక అడిగింది: "ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే నన్నూ ఇంట్లో కూర్చోబెడతారే," అన్నాడు. అతని మీద కోపం రాకపోవడమే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది.

మూడు నెలలకు మళ్ళీ పనిలోకి పిలిచారు. ఈసారి కత్తి ఇవ్వలేదు. కోసిన ముక్కలకు నంబరు చీటీలు అంటించే మూల కూర్చోబెట్టారు. అవతల కత్తి మోగినప్పుడల్లా లేని వేళ్ళు జివ్వుమనేవి. "అదే తగ్గుతుందిలే" అని అందరూ అన్నారు. తగ్గలేదు.

ఒకరోజు పొద్దున్న, అత్తగారు వంటపనిలో ఉంటే, కూతురికి తనే జడ వేయబోయింది. మూడు పాయలు తీసింది. మొండివేళ్ళకు వెంట్రుకలు తగలగానే సూదులు గుచ్చినట్టయింది. పళ్ళు బిగబట్టి అల్లుతున్నా పాయలు జారిపోతూనే ఉన్నాయి. పాప కాసేపు కదలకుండా కూర్చుని, తర్వాత మెల్లగా అంది: "నానమ్మ వేస్తుందిలే అమ్మా. నీకు పనికి టైమవుతోంది."

ఇంకా చాలా టైముంది. అయినా ఆమె దువ్వెన పాప ఒళ్ళో పెట్టి, చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.