సుధ క్యామ్‌కి సరిపడే స్ప్రింగులు

ఈ రోజు నారాయణగూడలో మెకానిక్ యాదగిరి నా పరువు తీశాడు.

పోయినేడు కన్నుమూసిన మా ఆవిడ సుధ బుల్లెట్ బండి అతని దగ్గరే ఉంది. ఇంజన్ హెడ్ విప్పించాను. ఆమె అందులో రేసింగ్ క్యామ్ వేయించుకుంది. అది వాల్వులను మామూలు కంటే ఎక్కువ తెరుస్తుంది. వేగంలో వాటిని టైముకు మూయాలంటే గట్టి స్ప్రింగులు కావాలి. ఉన్నవి సడలిపోయాయి.

యాదగిరి మామూలు స్ప్రింగులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇవి ఈ క్యామ్‌కి సరిపోవు కదా?" అన్నాను.

"క్యామ్ కూడా మామూలుదే ఏద్దాం సార్. గట్టి స్ప్రింగులైతే క్యామ్ ఊకెనే అరుగుతది. మేడమ్ తోలితే వేరే ముచ్చట. అశోక్ నగర్ల చాయ్ తాగే పోరగాళ్లు సప్పుడు వింటెనే పక్కకు జరుగుతుండె. మీరు తోలితే ఎనక నుంచి ఆటోలు హారన్ కొడ్తయ్."

క్యామ్ తీస్తే బండి మిగులుతుంది, ఆ చప్పుడు మిగలదు.

"క్యామ్ తియ్యొద్దు. గట్టివే వెయ్యి."

"గట్లయితే జర తోలుడు నేర్చుకోండ్రి సార్. గీ క్యామ్ పెట్టుకొని చిక్కడపల్లిల కూరగాయలకు పోతే ఇంజనే సిగ్గువడ్తది."

పెళ్లయినప్పటి నుంచి ఆమె పోయేదాకా నాది వెనక సీటే. హెల్మెట్‌లో కళ్లు మూసుకునేవాణ్ణి. ఆమెకు తెలిసే ఉంటుంది.

ఆదివారం బండి వస్తుంది. అరవై దాటిన మనిషికి స్పీడుగా తోలడం నేర్పే ఓపిక ఎవరికైనా ఉంటే చెప్పండి. ఎవరికీ లేకపోతే చప్పుడు వింటూనే పక్కకు జరగండి.